ట్రాంటర్‌లో ఎనిమిదో రోజు

సంపాదకులకు నమస్కారం.

కూలిపోతున్న గెలాక్సీ సామ్రాజ్యంలో ఒక మహా గ్రంథాలయాన్ని పండితులు ఎలా దక్కించుకున్నారన్న కథాంశం మీద గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. వైజ్ఞానిక కల్పనా సాహిత్యానికి ఒక దినపత్రిక అంత చోటు కేటాయించడం నాకు సంతోషం కలిగించింది. అయితే ఆయుధం పట్టిన విద్యార్థుల త్యాగమే ఆ గ్రంథాలయాన్ని నిలబెట్టిందని వ్యాసం చివర చేసిన నిర్ణయం నన్ను ఈ లేఖకు పురికొల్పింది. నేను ముప్పై ఏళ్లకు పైగా గ్రంథాలయంలో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం రాతప్రతుల విభాగంలోనే గడిపాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఆ నిర్ణయంలో సగమే నిజం ఉంది. మిగిలిన సగం ఎవరూ చెప్పకపోతే, గ్రంథాలయాన్ని కాపాడటమంటే తలుపు దగ్గర నిలబడటమేనన్న భావన పాఠకుల్లో, ముఖ్యంగా యువ పాఠకుల్లో, స్థిరపడిపోతుందని నా భయం.

కథ తెలియనివారి కోసం రెండు మాటల్లో చెబుతాను. ఐజాక్ అసిమోవ్ 1942లో ఒక పత్రికలో మొదలుపెట్టి, 1951 నుంచి 1953 వరకు మూడు సంపుటాలుగా వెలువరించిన ఫౌండేషన్ కథల్లో, రెండున్నర కోట్ల గ్రహాల సామ్రాజ్యానికి ట్రాంటర్ రాజధాని. గ్రహం గ్రహమంతా లోహపు కప్పు కింద ఉన్న ఒకే నగరం, జనాభా నాలుగు వేల కోట్లు. సామ్రాజ్యం పతనమై ఆ నగరం దోపిడీకి గురైనప్పుడు విశ్వవిద్యాలయ విద్యార్థులు అరువు తెచ్చుకున్న ఆయుధాలతో ఏడు రోజులు పోరాడి, విశ్వవిద్యాలయాన్నీ అందులోని గ్రంథాలయాన్నీ కాపాడుకుంటారు. ఆ పోరాటం వెనుక ఉన్న రహస్యాన్ని మూడో సంపుటం చివరగానీ రచయిత బయటపెట్టడు. ఇంకా చదవనివారి ఆనందాన్ని పాడుచేయడం ఇష్టం లేక దాన్ని ఇక్కడ చెప్పడం లేదు. నేను అడగదలచుకున్నది ఒక్కటే. ఏడు రోజుల పోరాటం ముగిసింది, శత్రువు సంధికి ఒప్పుకొని వెనుదిరిగాడు. ఎనిమిదో రోజు ఉదయం ఆ గ్రంథాలయంలో ఎవరు ఏ పని మొదలుపెట్టారు?

ఈ ప్రశ్న ఊరికే అడగడం లేదు. అలెగ్జాండ్రియా గ్రంథాలయం పేరు చెప్పగానే అందరికీ మంటలు గుర్తుకొస్తాయి. క్రీస్తు పూర్వం 48లో జూలియస్ సీజర్ ఓడలకు నిప్పు పెట్టించినప్పుడు ఆ మంటలు పుస్తకాలకూ అంటుకున్నాయని చెబుతారు. కానీ అంతకు దాదాపు వందేళ్ల ముందే, క్రీస్తు పూర్వం 145 ప్రాంతంలో, ఈజిప్టు రాజు ఎనిమిదో టాలమీ తన రాజకీయ కక్షల కారణంగా పండితులను నగరం నుంచి తరిమివేశాడు. హోమర్ కావ్యాల పాఠాన్ని సరిచూసిన అరిస్టార్కస్ కూడా ఆ వెళ్లిపోయినవారిలో ఒకడు. ఆ రోజు ఒక్క పుస్తకపు చుట్ట కూడా కాలలేదు, ఒక్క గోడ కూడా కూలలేదు. అయినా ఆ గ్రంథాలయం పతనం అక్కడే మొదలైందని నా అభిప్రాయం, ఎందుకంటే ఆనాటి పుస్తకమైన పాపిరస్ చుట్ట, అంటే రెల్లు జాతి మొక్కతో చేసిన పత్రపు చుట్ట, శాశ్వతం కాదు. చిరిగిపోకముందే దాన్ని చదివి, మరో ప్రతితో పోల్చి, తప్పులు దిద్ది, కొత్త చుట్ట మీదికి ఎత్తి రాసేవాడు ఉండాలి. ఆ మనిషిని వెళ్లగొట్టాక చుట్టలకు కాపలా పెట్టినా, వాటికి మిగిలిన ఆయుష్షు పాపిరస్ ఆయుష్షు మాత్రమే.

ట్రాంటర్ విషయంలో మీ వ్యాసకర్త గమనించని మరో సంగతి ఉంది. అన్ని కోట్ల జనాభా తిండికి ఇరవై వ్యవసాయ గ్రహాల మీద ఆధారపడేది. ఓడల రాకపోకలు ఆగిపోతే నగరం బతకలేదు. చివరికి అదే జరిగింది, మిగిలిన జనం నేల మీది లోహపు కప్పును పెళ్లగించి, అమ్ముకొని, ఆ డబ్బుతో విత్తనాలూ పశువులూ కొనుక్కొని సాగుకు దిగారు. జ్ఞానం విషయంలోనూ సామ్రాజ్యం ఇదే పొరపాటు చేసింది. సరిహద్దు గ్రహాల నుంచి పుస్తకాలను రాజధానికి రప్పించి పోగుచేసినంత శ్రద్ధగా, రాజధాని పుస్తకాల ప్రతులను ఆ గ్రహాలకు పంపినట్టు కథలో ఎక్కడా కనబడదు. రాజధానిలోని ఒక్క భవనం కోసం విద్యార్థులు ప్రాణాలు ఒడ్డవలసి వచ్చిందంటే, ఆ పరిస్థితికి కారణం దోపిడీదారులు ఒక్కరే కాదు, అన్నిటినీ ఒకేచోట పెట్టిన తరతరాల పాలకులు కూడా. సామ్రాజ్యాలు గ్రంథాలయాలను కట్టేది జ్ఞానం మీద ప్రేమతో ఎంతో, తమ వైభవాన్ని చాటుకోవడానికి కూడా అంతే. చాటుకోవడానికి ఒకే పెద్ద భవనం కావాలి, నిలబెట్టుకోవడానికి చిన్న చిన్న చోట్లు చాలా కావాలి.

దీనికి చరిత్రలో నాకు తెలిసిన అతి స్పష్టమైన సాక్ష్యం చైనాలో ఉంది. చింగ్ వంశపు చియెన్‌లాంగ్ చక్రవర్తి 1773లో ఒక మహా గ్రంథ సంకలనాన్ని మొదలుపెట్టించాడు. నాలుగు విభాగాల సంపూర్ణ గ్రంథాలయం అని దాని పేరుకు అర్థం. మూడు వేలకు పైగా లేఖకులు ఏళ్ల తరబడి కూర్చొని, ముప్పై ఆరు వేలకు పైబడిన సంపుటాలను చేత్తో రాశారు. ఒకసారి రాయడంతో ఊరుకోలేదు, ఆ మొత్తాన్ని ఏడు ప్రతులు ఎత్తి రాశారు. నాలుగు ప్రతులు ఉత్తరాన చక్రవర్తి ప్రాసాదాల్లో, మూడు ప్రతులు దక్షిణాన యాంగ్‌జౌ, జెన్‌జియాంగ్, హాంగ్‌జౌ నగరాల్లో ఉంచారు. ఆ పని జరుగుతున్నప్పుడు ఏడు ప్రతులు ఎందుకని అడిగినవాళ్లు ఉండే ఉంటారు. 1850లలో చింగ్ పాలన మీద తైపింగ్ తిరుగుబాటు యుద్ధం వచ్చింది, యాంగ్‌జౌ ప్రతి, జెన్‌జియాంగ్ ప్రతి నాశనమయ్యాయి. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు బీజింగ్ దగ్గరి వేసవి ప్రాసాదాన్ని తగులబెట్టాయి, అక్కడి ప్రతి పోయింది. 1861లో హాంగ్‌జౌ తైపింగ్ సైన్యం వశమైంది, అక్కడి గ్రంథాలయ భవనం దెబ్బతిని సంపుటాలు చెల్లాచెదురయ్యాయి.

ఇక్కడ ఇద్దరు మనుషుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. డింగ్ షెన్, డింగ్ బింగ్ అనే అన్నదమ్ములు హాంగ్‌జౌ వాసులు, పుస్తకాలంటే ప్రాణం పెట్టే కుటుంబం వాళ్లది. యుద్ధానికి తలదాచుకుంటూ వెళ్లిన చోట, సంతలో సరుకులు పొట్లం కట్టి ఇస్తున్న కాగితాలు ఆ మహా సంకలనంలోని పుటలని వాళ్లు గుర్తుపట్టారు. గుర్తుపట్టారన్న మాట దగ్గర పాఠకులు ఒక క్షణం ఆగాలని కోరుతున్నాను. అదే పొట్లం అందుకున్న మిగిలినవారికి అది ఉత్త కాగితం, ఈ ఇద్దరికి ఆ చేతిరాత, ఆ గీతలు, ఆ పుట అమరిక తెలుసు. తరువాత వాళ్లు మనుషులను పెట్టి, సొంత డబ్బు పోసి, రాత్రివేళల్లో వెతికించి, ఎనిమిది వేలకు పైగా సంపుటాలు పోగుచేశారు. దొరకనివాటిని ఇతర గ్రంథ భాండాగారాల నుంచి మూలాలు అరువు తెచ్చి, లేఖకులతో మళ్లీ ఎత్తి రాయించారు. చింగ్ సామ్రాజ్యం 1912లో అంతరించింది. సంకలనపు ఏడు ప్రతుల్లో మూడు పూర్తిగానూ, ఒకటి ఆ అన్నదమ్ముల చలవతోనూ నేటికీ ఉన్నాయి. ఒక్క ప్రతి రాసి, ఒక్క రాజప్రాసాదంలో పెట్టి, దాని చుట్టూ లక్ష మంది సైనికులను నిలిపి ఉంటే ఈ మాట చెప్పగలిగేవాళ్లమా అన్నది నా సందేహం.

నిజాయితీగా మరో సంగతి కూడా చెప్పవలసి ఉంది. ఆ సంకలనం పేరుతోనే చక్రవర్తి దేశమంతటా పుస్తకాలు సేకరింపజేసి, తన వంశానికి ప్రతికూలమని తోచిన వేలాది గ్రంథాలను నిషేధించి తగులబెట్టించాడు. అంటే అదే పండితులు ఒక చేత్తో రాస్తూ రెండో చేత్తో ఏరివేశారు. కథలోని గెలాక్సీ గ్రంథాలయంలోకి పన్నెండు వేల ఏళ్లలో ఏ పుస్తకాలు రాకుండా ఆగిపోయాయో అన్న ప్రశ్నను నేను చదివిన వ్యాసాల్లో ఎవరూ వేయలేదు. శత్రువు నుంచి కాపాడటం కన్నా యజమాని నుంచి కాపాడటం పండితులకు ఎప్పుడూ కష్టం, జీతం ఇచ్చేది అతనే కాబట్టి.

రోమన్ సామ్రాజ్యం పడమటి భాగం కూలిన తరువాత ఇటలీలో కాసియోడోరస్ అనే పెద్దమనిషి ఉండేవాడు. ఇటలీని ఏలిన గోథ్ తెగ రాజుల కొలువులో పెద్ద పదవులు చేసి, ఆ రాజ్యం కూడా కూలుతుంటే చూసి, చివరికి దక్షిణాన తన సొంత భూముల్లో వివేరియం అనే మఠాన్ని స్థాపించాడు. గ్రంథాలను ఎత్తి రాయడాన్ని అక్కడి సన్యాసులకు ధర్మంగా విధించాడు. రాత్రి పని సాగడానికి నూనె తమంతట తాము అందుకునే దీపాలను, వేళ తెలియడానికి ఎండ గడియారాన్ని, నీటి గడియారాన్ని ఏర్పాటు చేశానని స్వయంగా రాసుకున్నాడు. నన్ను అన్నిటికన్నా కదిలించే విషయం ఆయన చివరి పుస్తకం. తొంభై మూడో ఏట, దేశం యుద్ధాలతో చితికిపోయి ఉన్న కాలంలో, ఆ వృద్ధుడు కూర్చొని రాసింది వర్ణక్రమం మీద, అంటే ఏ మాటను ఏ అక్షరాలతో రాయాలన్న విషయం మీద. ఎత్తి రాస్తున్నవారికి తాము రాస్తున్నది అర్థం కావడం లేదని, అక్షరం తప్పితే రేపు అర్థమే తప్పిపోతుందని ఆయనకు తెలుసు. ఆ మఠం ఆయన తరువాత ఎంతోకాలం నిలవలేదు, పుస్తకాలు చెదిరిపోయాయి. కానీ మఠంలో గ్రంథం ఎత్తి రాయడం పుణ్యకార్యమన్న భావన యూరప్‌లో నిలిచింది.

మన వైపు లేఖకులు కూడా గ్రంథం చివర ఒక శ్లోకం రాసేవారు. రాతప్రతుల విభాగంలో పనిచేసినవారెవరికైనా అది కంఠస్థం: ‘తైలాద్రక్షేజ్జలాద్రక్షేద్రక్షేచ్ఛిథిలబంధనాత్, మూర్ఖహస్తే న దాతవ్యమేవం వదతి పుస్తకమ్.’ నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి నన్ను కాపాడండి, మూర్ఖుడి చేతికి ఇవ్వకండి అని పుస్తకమే మాట్లాడుతుంది. పుస్తకం చెప్పిన శత్రువుల వరుసలో సైన్యం లేదు. ఆ శ్లోకం రాసినవారికి దండయాత్రలు తెలియక కాదు. తాటాకును రోజూ తినేవి చెమ్మ, చెద, రామబాణం పురుగు, వదులైన తాడు అని వారికి అనుభవం నేర్పింది.

నలందా గురించి రాసేవారు కూడా మంటల దగ్గరే ఆగిపోతారు. అంతకన్నా ఎంతో ముందు, 645లో, హ్యుయెన్ త్సాంగ్ 657 గ్రంథాలను చైనాకు తీసుకువెళ్లాడు. దారిలో సింధు నది దాటుతుండగా కొన్ని గ్రంథాలు నీళ్లపాలయ్యాయి. ఏళ్ల తరువాత ఆయన చైనా నుంచి భారతదేశంలోని ఒక పండితుడికి లేఖ రాస్తూ, పోయిన గ్రంథాల పేర్ల జాబితా జతచేసి, వీలైనప్పుడు ప్రతులు పంపమని కోరాడు. ఏది పోయిందో పేరుపేరునా చెప్పగలిగే స్థితిలో ఉండటం ఎంత గొప్ప సంగతో గ్రంథాలయంలో పనిచేసినవారికి తెలుస్తుంది. దాడుల తరువాత, 1230ల మధ్యలో, ధర్మస్వామి అనే టిబెట్ యాత్రికుడు నలందాకు వచ్చాడు. శిథిలాల మధ్య తొంభై ఏళ్లు దాటిన రాహుల శ్రీభద్రుడు డెబ్బై మంది శిష్యులకు ఇంకా పాఠం చెబుతున్నాడు. మళ్లీ సైనికులు వస్తున్నారని తెలిసి మిగతావారు వెళ్లిపోయినప్పుడు, ధర్మస్వామి ఆ వృద్ధ గురువును వీపున ఎక్కించుకొని సురక్షితమైన చోటికి మోసుకుపోయాడు. ఆ పూట మోయవలసింది తాటాకు కట్టలను కాదని, వాటిని చదివి అర్థం చెప్పగల మనిషినని ఆ శిష్యుడు గ్రహించాడు. నలందా సంప్రదాయపు గ్రంథాలు సంస్కృత మూలాలు పోయినా టిబెటన్ అనువాదాలుగా నేడు ఇన్ని దొరుకుతున్నాయంటే, అలాంటి శిష్యులు తరతరాలుగా వచ్చి చదివి, అనువదించి, తీసుకుపోవడం వల్లనే.

ఇక కథలోని విజ్ఞాన సర్వస్వం సంగతి. సామ్రాజ్యం కూలాక రాబోయే చీకటి యుగాన్ని ముప్పై వేల ఏళ్ల నుంచి వెయ్యి ఏళ్లకు కుదించడానికంటూ లక్ష మందిని గెలాక్సీ అంచున ఉన్న ఒక గ్రహానికి పంపి, విజ్ఞానమంతటినీ సంగ్రహంగా రాయించే పని అప్పగిస్తారు. ఆ ప్రణాళికను కథ తరువాత ఎటు మలుపు తిప్పినా, సంగ్రహం మూలానికి ప్రత్యామ్నాయం కాదని నేనూ ఒప్పుకుంటాను. అయినా సంగ్రహాన్ని చిన్నచూపు చూడలేను. తొమ్మిదో శతాబ్దపు కాన్‌స్టాంటినోపుల్‌లో ఫోటియస్ అనే పండితుడు తాను చదివిన దాదాపు 280 గ్రంథాల గురించి టిప్పణాలు రాసి పెట్టాడు. వాటిలో ఎన్నో గ్రంథాలు ఆ తరువాత పోయాయి, ఉండేవని మనకు తెలిసింది ఆ టిప్పణాల వల్లనే.

మీ వ్యాసకర్త గెలాక్సీ గ్రంథాలయానికి ప్రధాన శత్రువుగా అగ్నిని చూపారు. మామూలు అవసరం అంతకన్నా నిశ్శబ్దంగా పనిచేస్తుంది. ఆర్కిమెడీస్ రచనలు ఉన్న పదో శతాబ్దపు చర్మపత్ర గ్రంథాన్ని 1229లో ఒక మఠవాసి గీకి శుభ్రం చేసి, ఆ చర్మం మీద ప్రార్థనలు రాసుకున్నాడు. అతనికి ద్వేషం లేదు, చర్మం ఖరీదైనది, ప్రార్థన పుస్తకం అవసరమైంది. 1906లో డెన్మార్క్ పండితుడు హైబెర్గ్ ప్రార్థనల కింద మసకగా మిగిలిన గణితాన్ని చదివాడు, అందులో మరెక్కడా గ్రీకు మూలం దొరకని ఒక గ్రంథం ఉంది. ఏడు వందల ఏళ్ల తరువాత అదే పని మనమూ చేశాం. 1969లో చంద్రుడి మీద మనిషి తొలి అడుగు వేసినప్పటి సంకేతాలను నేరుగా నమోదు చేసిన మూల టేపులు, టేపుల కొరత వచ్చిన తరువాతి సంవత్సరాల్లో చెరిపి తిరిగి వాడబడి ఉంటాయని నాసా 2009లో ప్రకటించింది. ప్రసారమైన దృశ్యాలు వేరేచోట్ల ఉన్నాయి కాబట్టి చూడగలుగుతున్నాం, మూలపు స్పష్టత మాత్రం తిరిగిరాలేదు. కూలుతున్న సామ్రాజ్యంలో కొత్త సామగ్రి రావడం ఆగిపోతుంది, అప్పుడు ప్రతి పాత పుస్తకమూ ఎవరో ఒకరికి ముడిసరుకుగా కనబడుతుంది. నేల కప్పును పెళ్లగించి అమ్ముకున్న ట్రాంటర్ ప్రజలు గ్రంథాలయపు బీరువాలను ఎందుకు అమ్ముకోలేదన్న ప్రశ్నకు తుపాకీ ఒక్కటే సమాధానం అయితే, ఆ తుపాకీని ఎన్ని వందల ఏళ్లు ఎత్తి పట్టుకోవాలి?

చదవగలగడం మరో సమస్య. ఇంగ్లండ్ భూముల లెక్కలతో 1086లో చర్మపత్రాల మీద రాసిన డోమ్స్‌డే పుస్తకాన్ని నేటికీ చదవవచ్చు. దాని తొమ్మిది వందల ఏళ్ల పండుగకు 1986లో లేజర్ డిస్కుల మీద చేసిన కొత్త సర్వేను చదివే యంత్రాలు పదిహేను, పదహారేళ్లకే అరుదైపోయాయి. ఆ పాత యంత్రం తీరును కొత్త కంప్యూటర్ల మీద అనుకరించి, అందులోని సమాచారాన్ని నిపుణులు కష్టపడి వెలికితీయవలసి వచ్చింది. దీనికి భిన్నంగా, 1977లో బయలుదేరిన రెండు వాయేజర్ అంతరిక్ష నౌకల్లోని బంగారు పూత రికార్డును తయారుచేసినవారు, దాన్ని ఎలా తిప్పి వినాలో పైమూత మీద బొమ్మలుగా చెక్కారు, ముల్లును కూడా జతచేసి పంపారు. ఆ మూత మీద కొద్దిగా యురేనియం పూత ఉంది, అది ఎంత తరిగిందో కొలిస్తే రికార్డు వయసు తెలుస్తుంది. గ్రంథాన్ని పంపేవాడు చదవబోయేవాడి అజ్ఞానాన్ని గౌరవంగా ఊహించిన సందర్భం ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. కోట్ల గ్రహాల్లో భాషలు, లిపులు, యంత్రాలు విడివిడిగా మారిపోయే వెయ్యి ఏళ్ల కాలానికి పండితులు ఇటువంటి చదివే విధానాన్ని ప్రతి పెట్టెలోనూ పెట్టాలి, నిఘంటువును, వ్యాకరణాన్ని, లిపి పట్టికను పుస్తకాలకన్నా ముందు ఎత్తి రాయాలి.

ఇంకొక సంగతి, ప్రతులు ఎక్కువైతే తప్పులూ పెరుగుతాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. పెరుగుతాయి. కానీ ఒక్కో లేఖకుడు ఒక్కో చోట తప్పుతాడు, అందుకే పది ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠాంతరాలు గుర్తించే పరిష్కర్త మూలానికి దగ్గరగా వెళ్లగలడు. ప్రతి ఒక్కటే మిగిలితే అందులోని తప్పును తప్పని చెప్పేవాడే ఉండడు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 1999లో మొదలైన ఒక డిజిటల్ భద్రతా పథకం ఇదే సూత్రం మీద నడుస్తోంది. వేర్వేరు గ్రంథాలయాల్లోని కంప్యూటర్లు తమ ప్రతులను ఒకదానితో ఒకటి సరిచూసుకొని, చెడిపోయిన దాన్ని మంచిదానితో బాగుచేసుకుంటాయి. గ్రహాల మధ్య ఓడలు తిరుగుతున్నంత కాలం గెలాక్సీ పండితులు చేయవలసిన మొదటి పని ఈ సరిచూత. ఓడలు ఆగాక అది సాధ్యం కాదు.

నా ఉద్యోగ జీవితంలోని ఒక బాధను ఇక్కడ చెప్పడానికి అనుమతించండి. నేను పనిచేసిన ఒక గ్రంథాలయంలో పైకప్పు మరమ్మతు జరుగుతుండగా రాతప్రతుల కట్టలను హడావుడిగా పక్క గదికి మార్చారు. ఆ రాత్రి వాన కురిసి, ఆ గదిలోకే నీరు చేరింది. మరునాడు మేమందరం కట్టలు విప్పి ఆరబెట్టాం, చాలావరకు దక్కాయి. కానీ ఆ కట్టల్లో మూడో వంతుకు జాబితా రాయలేదు. రాయాలని నేనూ, నా ముందువారూ ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాం. ముద్దయిపోయిన ఆకుల్లో ఏ గ్రంథం ఉండేదో, అది మరెక్కడైనా ఉందో లేదో, ఎవరిని అడిగి ప్రతి తెప్పించుకోవాలో ఇప్పటికీ తెలియదు. పోయిన పుస్తకానికి పేరు కూడా లేకపోవడం ఎంత దుఃఖమో ఆ రోజు నాకు తెలిసింది. అందుకే అలెగ్జాండ్రియాలో కలిమాకస్ అనే పండితుడు రాసిన 120 చుట్టల గ్రంథసూచి పోయిందని చదివినప్పుడు, ఏ కావ్యం పోయిందన్నప్పటికన్నా ఎక్కువగా నా మనసు కలుక్కుమంటుంది.

ఇంత చెప్పినందుకు నేను కాపలాదారుల ధైర్యాన్ని తక్కువ చేస్తున్నానని మీ పాఠకులు అనుకోకూడదు. 1992 ఆగస్టులో బోస్నియా రాజధాని సరాయెవోలోని జాతీయ గ్రంథాలయం మీద ఫిరంగి గుండ్లు కురుస్తున్నప్పుడు మనుషులు వరుసగా నిలబడి పుస్తకాలు చేతులు మార్చి బయటికి చేర్చారు. ఆ గ్రంథాలయ ఉద్యోగిని ఒకరు ఆ రోజుల్లోనే ప్రాణం కోల్పోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో లెనిన్‌గ్రాడ్ ముట్టడి కాలంలో విత్తన భాండాగారపు శాస్త్రవేత్తలు తమ చుట్టూ బస్తాల కొద్దీ ధాన్యం ఉండగా, ఒక్క గింజ ముట్టకుండా ఆకలితో చనిపోయారు. ఆ విత్తనాలు కూడా ఒక గ్రంథాలయమేనని నేను భావిస్తాను, పైగా మొలకెత్తించి మళ్లీ మళ్లీ పండిస్తేనే మిగిలే గ్రంథాలయం. 2012లో మాలి దేశంలోని టింబక్టు సాయుధుల చేతుల్లోకి వెళ్లినప్పుడు గ్రంథ సంరక్షకుడు అబ్దెల్ ఖాదర్ హైదరా, ఆయన సహచరులు మూడు లక్షలకు పైగా రాతప్రతులను ఇనుప పెట్టెల్లో సర్ది, బండ్ల మీద, పడవల మీద రాజధాని బమాకోకు చేర్చారు. వారెవరూ తుపాకీ పట్టలేదు. పెట్టెలు సంపాదించారు, తాళాలు వేశారు, ఊళ్లలో కుటుంబాల ఇళ్లలో దాచారు. బమాకో చేరిన తరువాత అక్కడి గాలిలోని తేమకు ఆ కాగితాలు పాడవుతాయన్న కొత్త భయం మొదలైంది. ఆనాటి నుంచి శుభ్రం చేయడం, పెట్టెలు కట్టడం, జాబితాలు రాయడం, పుట పుటనూ ఫోటో తీయడం సాగుతూ ఉంది. ఆ సాహస యాత్ర గురించి ప్రపంచమంతా రాసింది. ఆ తరువాత ఏళ్ల తరబడి మెత్తని కుంచెతో ఒక్కో కాగితం మీది దుమ్ము దులిపినవారి గురించి రాసినవారు తక్కువ.

మీ వ్యాసకర్త ఈ విషయం మీద మరో భాగం రాస్తానని చెప్పారు. ఆ భాగంలో ఆయన ఎనిమిదో రోజును రాయాలని, లేదా అటువంటి కథను స్వయంగా సృష్టించే తెలుగు రచయితలను మీ పత్రిక ఆహ్వానించాలని నా విన్నపం. ఆ కథలో యుద్ధం అప్పుడే ముగిసి ఉండాలి. విద్యార్థుల్లో కొందరు తిరిగిరాలేదు, తిరిగివచ్చినవారి చేతులకు ఇంకా మసి ఉంది. ఒక వృద్ధ గ్రంథాలయాధికారి వారిని ముందు చేతులు కడుక్కోమని, తరువాత ఇద్దరిద్దరుగా విడిపోయి మొదటి బీరువా నుంచి మొదలుపెట్టమని చెబుతుంది. ఒకరు పుస్తకం పేరు చదవాలి, రెండోవారు రాయాలి. ఉన్నదాన్ని ఉందని, లేనిదాన్ని లేదని రాయాలి, అనుమానం ఉన్నచోట అనుమానమనే రాయాలి. సాయంత్రానికి మొదటి వరుస కూడా పూర్తికాదు. మరునాడు ఆమె తొలి పది పుస్తకాలను ఎంచి, ప్రయాణానికి సిద్ధంగా ఉన్న ఓడ ఏదైనా ఉందా అని కనుక్కొని రమ్మని ఒక కుర్రవాణ్ణి పంపుతుంది.

భవదీయుడు,
పదవీ విరమణ చేసిన ఒక గ్రంథాలయ ఉద్యోగి